బొమ్మల కొలువు తర్వాత మా టేబుల్ మీద చందుర్తి యుద్ధం

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన సంక్రాంతికి మీ పేపర్లో బొమ్మల కొలువుల ఫొటోలు వేశారు. అవి చూసినప్పటి నుంచి ఈ ఉత్తరం రాయాలనుకుంటూ ఇప్పటికి కూర్చున్నాను. నా చిన్నప్పుడు కాకినాడలో మా అమ్మమ్మ ఇంట్లో కొలువు పెట్టేవాళ్ళం. పై మెట్ల మీద దేవుళ్ళు, పెళ్ళివారు, తాడిచెట్టెక్కిన గీత కార్మికుడు, ఏటికొప్పాక లక్కబొమ్మలు అన్నీ అమ్మమ్మే సర్దేది. కింద నేల మాత్రం నాది. అక్కడ ఇసుక పోసి, వారం ముందే ఆవాలు చల్లి మొలకలు తెప్పించి పొలం చేసి, పగిలిన అద్దంముక్క పెట్టి చెరువు చేసి, అగ్గిపెట్టెలతో ఇళ్ళు కట్టేదాన్ని. అంతా అయ్యాక అమ్మమ్మ వచ్చి నిలబడి ఒకటే అడిగేది, "బాగుందే, ఇంతకీ ఈ ఊళ్ళో ఇవాళ ఏం జరుగుతోంది?" అని. ఏమీ జరగడం లేదంటే ఆవిడకి నచ్చేది కాదు. చెరువుకి గండి పడిందనో, పెళ్ళివారి బండి బురదలో దిగబడిందనో చెప్తే అప్పుడు కూర్చుని నాతో పాటు బొమ్మలు జరిపేది.

ఇప్పుడు నాకు యాభై దగ్గర పడుతోంది, చేస్తున్న పని దాదాపు అదే. దీన్ని మినియేచర్ వార్‌గేమింగ్ అంటారు. చిన్న చిన్న సైనికుల బొమ్మలు తెచ్చుకుని, మనమే రంగులు వేసి, టేబుల్ మీద పొలాలూ ఊళ్ళూ చెట్లూ కట్టి, టేపుతో దూరాలు కొలుచుకుంటూ పాచికలు వేస్తూ ఇద్దరో నలుగురో కలిసి ఒక యుద్ధాన్ని ఆడడం. చదరంగంలాగే ఎత్తుకు పైయెత్తు ఉంటుంది, కాని గడులుండవు, పైగా మనం పొమ్మన్న చోటికి బంట్లు వెళ్తాయన్న నమ్మకం కూడా ఉండదు. భయపడతారు, ఆలస్యం చేస్తారు, తప్పు దారి పడతారు. నాకు ఈ ఆటలో నచ్చింది అదే.

మన దగ్గర కూడా ఈ మధ్య కుర్రాళ్ళు దీని వైపు వస్తున్నారు. ఎక్కువమంది వార్‌హ్యామర్ అనే కల్పిత లోకపు యుద్ధాల ఆటతో మొదలుపెడతారు, అందులో తప్పేమీ లేదు, ఆ బొమ్మల పనితనం చాలా గొప్పగా ఉంటుంది. నేను చూసినంతలో మాత్రం చాలామంది మొదటి పెట్టె కొని, పది బొమ్మలు అతికించి, మూడింటికి రంగు వేసి, అక్కడితో ఆగిపోతున్నారు. వాళ్ళు ఆగిపోయేది బద్ధకంతో అని నేను అనుకోను. ఎంచుకోవడంలోనే తేడా జరుగుతోంది. ఆ సంగతే నాలుగు మాటలు చెప్దామని ఈ ఉత్తరం.

నాకూ అదే అయింది. నాలుగేళ్ళ క్రితం రోమన్ సైనికుల పెట్టె ఒకటి తెప్పించాను, 28 మిల్లీమీటర్ల ఎత్తు ప్లాస్టిక్ బొమ్మలు, పెట్టె మీద బొమ్మ చూసి మనసు పడ్డాను. కస్టమ్స్‌తో కలిపి ఖర్చు బాగానే అయింది. పన్నెండు మందికి రంగులు వేశాక చేతులు ఆగిపోయాయి. ఎందుకు ఆగిపోయాయో చాలా రోజులు అర్థం కాలేదు. ఒకరోజు అటక మీంచి ఆ పెట్టె దింపి చూస్తూ ఉంటే అమ్మమ్మ ప్రశ్న గుర్తొచ్చింది. ఇంతకీ వీళ్ళు ఏ ఊళ్ళో ఉన్నారు, అక్కడ ఇవాళ ఏం జరుగుతోంది? నా దగ్గర జవాబు లేదు. బొమ్మలు నచ్చి బొమ్మలు కొన్నాను, వాళ్ళకి శత్రువెవరో, పోట్లాట దేనికో, టేబుల్ మీద ఏ ప్రశ్న తేలాలో నాకు తెలియదు. రెండోవైపు సైన్యం లేకుండా ఒక సైన్యం, అంతే.

అందుకని ఈసారి ఏడాది పాటు ఒక్క బొమ్మ కూడా కొనకూడదని పెట్టుకున్నాను. ముందు యుద్ధం దొరకాలి, తర్వాతే బొమ్మలు. నోటుబుక్కు ఒకటి పెట్టి, మన నేల మీద జరిగిన యుద్ధాలు ఒక్కొక్కటే రాసుకుంటూ వెళ్ళాను.

మొదట ఎవరికైనా తట్టేది బొబ్బిలి. 1757 జనవరి 24. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, వెనక విజయనగరం విజయరామ గజపతి రాజు బలగం, కోటలో రంగారావు, తర్వాత తాండ్ర పాపారాయుడు. బుర్రకథలో విని పెరిగిన కథ, నాకూ ముందు అదే కావాలనిపించింది. కాగితం మీద కోట గీశాను కూడా. కాని ఆ రోజు చివర్లో కోటలో ఏం జరిగిందో మనందరికీ తెలుసు. శత్రువు చేతికి చిక్కకూడదని తమ ఆడవాళ్ళనీ పిల్లల్నీ తామే చంపుకున్నారు. పాచికలు వేసి ఆడే టేబుల్ మీద దాన్ని ఎలా పెడతాం? ఆ భాగం వదిలేసి గోడలెక్కడం వరకే ఆడితే అది బొబ్బిలి కాదు. నేను పెట్టలేనని తేల్చుకుని పేజీ తిప్పేశాను.

పద్మనాభం, 1794 జులై 10. చిన విజయరామరాజు కంపెనీ సైన్యానికి ఎదురు నిలబడి అక్కడే ప్రాణం విడిచిన చోటు. గంట కూడా పట్టలేదు ఆ యుద్ధం. దాని మీద నాకు చాలా గౌరవం ఉంది, కాని ఆటగా చూస్తే ఒకవైపు చేయగలిగిందేమీ లేదు, రెండోవైపు ఆలోచించాల్సిందేమీ లేదు. ఆటకి ఇద్దరి ముందూ దారులుండాలి. పల్నాటి యుద్ధం గురించి చాలా రోజులు ఊగిసలాడాను, కారెంపూడి నాకు తెలిసిన ఊరే, కాని వీరగాథలో ఉన్న యుద్ధాన్ని టేబుల్ మీదికి తేవాలంటే ఎవరెక్కడ నిలబడ్డారో ఎంతమందో మనమే అల్లుకోవాలి. తళ్ళికోట 1565 అంటారా, అంత పెద్ద సైన్యాలకి నా జీవితకాలం చాలదు. గోల్కొండ 1687 ముట్టడి ఎనిమిది నెలలు.

అలా తిరిగి తిరిగి మా ఇంటికి గంట దూరంలోనే ఆగాను. చందుర్తి. ఇంగ్లీషు పుస్తకాల్లో కాండోర్ అని రాస్తారు. కాకినాడ నుంచి కత్తిపూడి వెళ్ళే బస్సెక్కితే పిఠాపురం దాటాక గొల్లప్రోలు, చేబ్రోలు వస్తాయి, ఆ చుట్టుపక్కల పొలాల్లో 1758 డిసెంబరులో జరిగింది. చిన్నప్పటి నుంచి ఆ రోడ్డు మీద ఎన్నిసార్లు వెళ్ళానో, ఒక్కరూ ఈ సంగతి చెప్పలేదు.

తెలియని వాళ్ళ కోసం కొంచెం చెప్తాను. 1753లో హైదరాబాదు నిజాం సలాబత్ జంగ్ దగ్గర నుంచి బుస్సీ ఉత్తర సర్కారులు, అంటే మన కోస్తా జిల్లాలు, ఫ్రెంచివాళ్ళకి రాయించుకున్నాడు. బొబ్బిలి యుద్ధం అయిన మూడో రాత్రి, బొబ్బిలి మీదికి వెళ్ళిన ఆ విజయరామరాజు పాపారాయుడి చేతిలో చనిపోయాక ఆనంద గజపతి రాజు విజయనగరం గద్దెకొచ్చాడు. ఈయనకీ ఫ్రెంచివాళ్ళకీ పడలేదు. 1758లో బుస్సీని ఫ్రెంచి వాళ్ళ పై అధికారి లాలీ దక్షిణాదికి పిలిపించుకోగానే అదను చూసి విశాఖపట్నం పట్టుకుని, ఇంగ్లీషువాళ్ళని రమ్మని కబురు పెట్టాడు. మద్రాసు వాళ్ళు కదల్లేదు, కలకత్తాలో ఉన్న క్లైవ్ మాత్రం ఫోర్డ్ అనే కల్నల్‌కి సైన్యం ఇచ్చి ఓడల మీద పంపించాడు. ఫ్రెంచి వైపు సేనాని కాన్‌ఫ్లాన్. ఈ రెండు సైన్యాలూ, రాజుగారి బలగమూ కలిసి మన పొలాల్లోకొచ్చి పడ్డాయి.

లెక్కలు ఇవీ. ఫోర్డ్ దగ్గర యూరోపియన్లు 470 మంది, సిపాయిలు 1900, ఫిరంగులు ఆరు. రాజుగారివి 500 గుర్రాలు, 5000 కాలిబలం, వాళ్ళలో ఎక్కువమందివి బల్లేలూ విల్లంబులూ, వీళ్ళు కాక ఆయన కొలువులో ఉన్న నలభై మంది యూరోపియన్లూ నాలుగు ఫిరంగులూ. కాన్‌ఫ్లాన్ దగ్గర 500 మంది యూరోపియన్లు, 6000 మంది సిపాయిలు, 500 గుర్రాలు, ముప్పై దాకా ఫిరంగులు. ఈ అంకెలు చూడగానే ఫ్రెంచి గెలవాలి కదా అనిపిస్తుంది. గెలవలేదు. ఎందుకు గెలవలేదో చదివినప్పుడు నేను నోటుబుక్కు మూసేశాను, యుద్ధం దొరికిందని తెలిసిపోయింది.

జరిగింది ఏంటంటే, ఫోర్డ్ తన యూరోపియన్లని మధ్యలో నిలబెట్టాడు, రెండు పక్కలా సిపాయిలు. మధ్యలో ఉన్నవాళ్ళకి ముందు మనిషెత్తు పెరిగిన చేను ఒకటి అడ్డం వచ్చింది, అవతల వాళ్ళకి వీళ్ళు కనపడటం లేదు. బెంగాల్ నుంచి వచ్చిన ఆ సిపాయిలు ఎర్రకోట్లు తొడుక్కున్నారు. ఫ్రెంచివాళ్ళు అంతవరకూ దక్షిణాన పోరాడిన సిపాయిలకి అలా ఎర్రకోట్లు ఉండేవి కావు. ఎర్రకోటంటే తెల్లవాడే అనుకుని ఫ్రెంచి యూరోపియన్ పటాలం మధ్యలోకి రావడం మానేసి, ఎడమ పక్కన ఉన్న సిపాయిల మీదికి వెళ్ళింది. సిపాయిలు నిలవలేక వెనక్కి తగ్గారు. ఫ్రెంచివాళ్ళు గెలిచేశామని వరస చెదిరి తరుముతుండగా చేను పక్క నుంచి అసలు యూరోపియన్ పటాలం బయటికొచ్చి పక్కటెముకల మీద కొట్టినట్టు తుపాకులు పేల్చింది. ఇక అక్కడి నుంచి ఫ్రెంచివాళ్ళు ఫిరంగుల దాకా, ఫిరంగుల నుంచి గుడారాల దాకా, గుడారాల నుంచి రాజమండ్రి దాకా వెనక్కి పోవడమే. తర్వాతి ఏడాది ఏప్రిల్లో మచిలీపట్నం కోట కూడా పోయింది. 1765లో ఉత్తర సర్కారులు కంపెనీకి రాసిచ్చారు.

అంటే ఒక చేను, ఒక కోటు రంగు. బొమ్మలకి రంగులు వేసే మనిషికి ఇంతకంటే మంచి యుద్ధం ఎక్కడ దొరుకుతుంది? రంగు వేయడం ఇందులో అలంకారం కాదు, ఆటలో భాగం. నేను సిపాయిలకి వేసే ఎరుపు, యూరోపియన్లకి వేసే ఎరుపు ఒకే సీసాలోది కావాలి, దూరం నుంచి చూస్తే తేడా తెలియకూడదు. దగ్గరికెళ్తే మాత్రం తలపాగా, మోకాలి పైకి ఉన్న పొట్టి లాగు కనపడాలి. అమ్మమ్మ అడిగే ప్రశ్నకి నా దగ్గర ఇప్పుడు జవాబుంది. ఈ ఊళ్ళో ఇవాళ ఒకరిని చూసి ఇంకొకరనుకుంటున్నారు.

కొత్తగా మొదలుపెట్టే వాళ్ళకి నేను చెప్పేది ఇదే. ముందు టేబుల్ మీద ఏం తేలాలో ఒక్క వాక్యంలో రాసుకోండి. ఆ వాక్యం రాకపోతే డబ్బు ఖర్చు పెట్టకండి. మీది కర్నూలైతే అక్కడిది, వరంగల్ అయితే అక్కడిది, మనదే కావాలని కూడా లేదు, నెపోలియన్ కావాలంటే నెపోలియనే, కాని ఒక్క రోజు, ఒక్క పొలం, రెండు వైపులా మీరే చేసుకోగలిగినంత. రెండోవైపు సైన్యం ఇంకెవరో చేస్తారులే అనుకుంటే అది జరగదు, నాకైతే జరగలేదు.

తర్వాత లెక్క. ఇది అందరూ ఆఖర్న చూసుకుంటారు, మొదట చూసుకోవాల్సింది. నేను ఇరవై మందికి ఒక బొమ్మ చొప్పున వేశాను. ఫోర్డ్ యూరోపియన్లకి 24, సిపాయిలకి 95, ఫ్రెంచి యూరోపియన్లకి 25, వాళ్ళ సిపాయిలకి 300, రాజుగారి కాలిబలానికి 250, రెండు వైపులా గుర్రాలు కలిపి 50. దాదాపు 750 బొమ్మలు. 28 మిల్లీమీటర్లలో ఇన్ని వేయాలంటే నా వల్ల కాదు, ఒక్కో బొమ్మకి గంట వేసుకున్నా ఏళ్ళు పడుతుంది, డబ్బు సంగతి వేరే. 15 మిల్లీమీటర్లూ ఆలోచించాను. చివరికి 6 మిల్లీమీటర్ల దగ్గర ఆగాను. బియ్యపు గింజంత మనిషి. నలుగురేసి ఒక పట్టీగా పోతపోసి వస్తారు, ఇంగ్లాండులో షెఫీల్డ్‌లో ఉన్న బాకస్ లాంటి వాళ్ళు ఈ సైజులోనే ఎన్నో ఏళ్ళుగా చేస్తున్నారు. ఇంత చిన్నవాటిలో మొహం మీద మీసం దిద్దక్కర్లేదు. కోటు, పట్టీలు, తుపాకీ, చర్మం రంగు, అంతే. కాని మూడు వందల మందిని పక్కపక్కన నిలబెడితే సైన్యంలా కనిపిస్తుంది, అదే 28లో పాతికమందిని పెడితే పెళ్ళికొచ్చిన బంధువుల్లా ఉంటారు. రాజుగారి బల్లేలవాళ్ళు నాకు కావలసినట్టు ఎక్కడా దొరక్కపోతే మా మేనల్లుడు హైదరాబాదులో తన స్నేహితుడి త్రీడీ ప్రింటర్ మీద రెజిన్ అనే ద్రవ ప్లాస్టిక్‌తో తీయించి పెట్టాడు. రెజిన్ పని ఇంట్లో చేసేవాళ్ళు దయచేసి చేతులకి గ్లవ్స్ వేసుకోండి, కిటికీలు తెరిచి పెట్టండి, పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి. గట్టిపడకముందు అది చర్మానికి మంచిది కాదు.

ఇంకో మాట, కోస్తాలో ఉండేవాళ్ళ కోసం. ప్రైమర్, అంటే రంగుకి ముందు వేసే పూత, దాని స్ప్రే డబ్బా వానాకాలంలో వాడకండి. గాలిలో తేమకి పొడిపొడిగా రాలినట్టు పడి బొమ్మ మీద గరుకు కడుతుంది, అది మళ్ళీ పోదు. నేను ఆగస్టులో ముప్పై పట్టీలు అలా పాడుచేసుకుని చాలా బాధపడ్డాను. ఇప్పుడు కుంచెతో వేసే ప్రైమరే వాడుతున్నాను, లేదంటే మాఘమాసంలో పొడి ఎండ వచ్చేదాకా ఆగుతాను. కొనేటప్పుడు కూడా మొత్తం ఒకేసారి తెప్పించకండి. పది పట్టీలు తెచ్చి, పూర్తిగా చేసి, బేస్ (కింద పెట్టే చిన్న పలక) మీద అతికించి, టేబుల్ మీద పెట్టి వారం రోజులు వస్తూ పోతూ చూడండి. అప్పటికీ ముచ్చటేస్తే మిగతావి తెప్పించుకోండి.

నేల సంగతికొస్తే, దీనికి విదేశాల నుంచి ఏదీ రానక్కర్లేదు. గోదావరి ఇసుక టీ వడగట్టే జల్లెడతో జల్లించి, కడిగి ఆరబెట్టి, నీళ్ళు కలిపిన ఫెవికాల్ మీద చల్లితే బేసులకి అంతకంటే మంచిది లేదు. గట్లకి నేను మక్కు వాడుతున్నాను, కొండపల్లి బొమ్మల వాళ్ళు చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి చేస్తారే, అది. మన వాళ్ళు ఎన్ని తరాల నుంచో పొణికి చెక్క ముక్కలు దానితోనే అతుకుతున్నారు, ఆరాక రాయిలా ఉంటుంది. ఇక చేను, అదే కదా ఈ యుద్ధానికి ప్రాణం, దానికి మాత్రం చాలా వెతికాను. చివరికి గుమ్మం ముందు కాళ్ళు తుడుచుకునే కొబ్బరిపీచు పట్టా కోసి చూస్తే నిలువుగా నిలబడిన పీచు అచ్చం పండిన పైరులా ఉంది. బొమ్మల ఎత్తుకి దాన్ని కత్తిరించి, పైన ఆకుపచ్చ, పసుపు కలిపి కుంచెతో అద్దాను. బేసు దాని వెనక పెట్టి వంగి చూస్తే అవతల వైపు నుంచి ఒక్క తల కూడా కనపడలేదు. ఆ సాయంత్రం నాకు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను.

ఇప్పుడు అసలు చిక్కు. మా మేనల్లుడు మొదటిసారి కాగితం ముక్కలతో ఆడి చూద్దామని కూర్చున్నాడు, ఫ్రెంచి వైపు. పాచికలు తీయకముందే అన్నాడు, "అత్తా, చేనులో ఎవరున్నారో నాకు ముందే తెలుసుగా, ఎడమ పక్కకి నేనెందుకెళ్తాను?" నిజమే. చరిత్ర చదివినవాడు కాన్‌ఫ్లాన్ చేసిన తప్పు మళ్ళీ చేయడు. తప్పు చేసే అవకాశం లేకపోతే ఇది చందుర్తి కాదు, ఏదో ఒక పోట్లాట. దీని మీద మేమిద్దరం రెండు నెలలు ఫోన్లో వాదించుకున్నాం. ప్రష్యా సైన్యం కోసం రైస్విట్జ్ 1824లో తయారుచేసిన యుద్ధక్రీడలో మధ్యవర్తి ఒకరుండేవారు, ఎవరికి ఏం కనపడుతుందో ఆయనే చెప్పేవాడు. మా దగ్గర ఎప్పుడూ మూడో మనిషి ఉండరు కాబట్టి ఇలా పెట్టుకున్నాం. ఇంగ్లీషు ఆటగాడు తన ఎర్రకోటు దళాలన్నిటి బేసుల కింద చీటీలు అతికిస్తాడు, వాటిలో యూరోపియన్లు ఎవరో ఆయన ఇష్టం, చేనులోనే పెట్టాలని లేదు. తుపాకీ దూరంలోకి వచ్చేదాకా ఆ చీటీ ఎవరూ చూడకూడదు. బొమ్మలు కూడా రెండు రకాలూ దూరానికి ఒకేలా ఉండాలని నేను పట్టుబట్టింది ఇందుకే. ఇక ఫ్రెంచి ఆటగాడికి తెలిసిందల్లా ఎర్ర వరసలు కొన్ని, వాటిలో ఒకటి గట్టిది. తరిమే దళం వరస చెదురుతుందా లేదా అన్నది పాచిక చెప్తుంది. ఇలా పెట్టాక ఐదుసార్లు ఆడాం, మూడుసార్లు ఫ్రెంచి గెలిచింది. మా వాడు ఒకసారి ఏ ఎర్రకోటు మీదికీ వెళ్ళకుండా ముప్పై ఫిరంగులతోనే పని కానిచ్చేశాడు, కాన్‌ఫ్లాన్ అలా ఎందుకు చేయలేదా అని నేను ఆ రాత్రంతా పుస్తకాలు తిరగేస్తూ కూర్చున్నాను.

యుద్ధాన్ని ఆడుకోవడమేమిటి, పిల్లలకి ఏం నేర్పుతున్నావని మా పెద్దక్క అడిగింది. నేను తేలిగ్గా తీసుకోలేదు, బొబ్బిలి పక్కన పెట్టింది నేనే. అక్కకి చెప్పిన జవాబే ఇక్కడా చెప్తాను. ఇంగ్లీషువాళ్ళు ఈ యుద్ధం గురించి రాసిన వాటిలో రాజుగారి వెంట వచ్చిన ఆ ఐదు వేలమందికి దక్కింది చిన్నచూపు చూసే ఒకటి రెండు వాక్యాలే. ఇంగ్లీషువాడికీ ఫ్రెంచివాడికీ మధ్య తగవులో, తుపాకుల ముందుకి బల్లెం పట్టుకుని నడిచొచ్చిన మన ఊళ్ళ రైతులు, బోయీలు, కూలివాళ్ళు వాళ్ళు. వాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. నేను రెండు వందల యాభై మందిని ఒక్కొక్కరిగా చేతిలోకి తీసుకుని పంచె, తలగుడ్డ దిద్దుతున్నప్పుడు వీళ్ళ గురించి ఆలోచించినంతగా నేను బళ్ళో చరిత్ర పాఠంలో ఎవరి గురించీ ఆలోచించలేదు. ఆటలో కూడా వాళ్ళు ఊరికే లెక్కకి నిలబడే బొమ్మలు కారు. వాళ్ళని ఎక్కడ ఉంచాలన్నది ఇంగ్లీషు ఆటగాడికి పెద్ద ప్రశ్న, తప్పు చోట ఉంచితే ఫిరంగుల ముందు పడిపోతారు, అది చూస్తూ కూర్చోవడం ఏమంత హాయిగా ఉండదు. మా మేనల్లుడు రెండో ఆట నుంచి వాళ్ళని చెరువు గట్టు వెనకే ఉంచుతున్నాడు, ఎవరూ చెప్పకుండానే.

ఇంత రాసింది మీ పాఠకుల సాయం కోసం కూడా. గొల్లప్రోలు, చేబ్రోలు, చందుర్తి, పెద్దాపురం వైపు రైతులు మీ పేపర్ చదువుతారని నాకు తెలుసు. ఆ చేనులో పైరుని ఇంగ్లీషువాళ్ళు ఇండియన్ కార్న్ అని రాసుకున్నారు. మొక్కజొన్నకీ జొన్నకీ కండె వేరు, రంగు వేరు, టేబుల్ మీద రెండూ ఒకలా ఉండవు. డిసెంబరు మొదటి పక్షంలో, మీ తాతలు చెప్పగా విన్న రోజుల్లో, ఆ మెట్ట పొలాల్లో మనిషెత్తున నిలబడి ఉండే పైరు ఏది? అప్పటికి కండె ముదిరేదా, ఆకు పచ్చగా ఉండేదా, ఎండేదా? ఊరికి ఏ పక్కన చెరువుండేది, ఏది తర్వాత తవ్వింది? పాత గ్రామ పటాలు ఎవరి ఇంట్లోనైనా ఉంటే, ఆ పొలాలకి పాతకాలం నుంచి ఫిరంగులదో దండుదో పేరేదైనా ఉంటే, ఈ ఉత్తరాల పేజీకే రాయండి, రోజూ చూస్తాను.

అలాగే కాకినాడ, రాజమండ్రి, తుని వైపు ఈ ఆట మీద ఆసక్తి ఉన్నవాళ్ళు, బొమ్మలు లేకపోయినా సరే, డిసెంబరు కల్లా నా సైన్యాలు రెండూ పూర్తవుతాయి. ప్రస్తుతానికి ఫ్రెంచి సిపాయిల్లో నూట అరవై మంది మిగిలారు, చేనుకి ఇంకో పట్టా కోయాలి. పైరు ఏదో మీరు చెప్పేదాకా దానికి రంగు వేయకుండా ఆపి ఉంచుతాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
కాకినాడ